కొబ్బరి కింద ఖాళీ ఎవులిది?

2018 అక్టోబరు 11న తెల్లారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి సూస్తే మా తోటలో కొబ్బరి సెట్లు సగానికి పైగా పడిపోనాయి. జీడి సెట్లు వేళ్లతో సహా లేచిపోనాయి. ఆ యేడు మా ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చిందేటంటే, కొబ్బరి సెట్ల మద్దెన మాయమ్మ పెట్టిన కంద. భూమిలోపల ఉన్నాది కాబట్టి గాలికి దొరకలేదు.

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయ్యిందంటారు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఎటెళ్లినా పాత తోటల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి, మునగ కలిసే ఉండేవి. మన తాతలు దానికి మిశ్రమ పంట అని పేరెట్టలేదు. ఒకటి పోతే ఇంకోటి ఉంటాదనుకున్నారు, అంతే. తర్వాత మనం జీడి ఒక్కదాన్నే నమ్ముకున్నాం. జీడి యేడాదికి ఒక్కసారే కాస్తాది. 80 కిలోల బస్తాకి ధర ఎంతన్నది మన సేతిలో లేదు. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా పిక్కలొస్తే మన పిక్కల బేరం పడిపోతాది. ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు తిరగాలి. ఆ ఆటో కిరాయి వేసవి దాకా ఆగుతాదేటి?

కొబ్బరి మొక్కలు 25 అడుగులకొకటి నాటుతాం. దాని వేళ్లు ఎక్కువగా మొదలు సుట్టూ ఆరడుగుల్లోనే ఉంటాయి. అంటే తోటలో చాలా భూమి ఖాళీయే. మొదటి ఏడెనిమిదేళ్లు ఎండ బాగా పడతాది, అప్పుడు కూరగాయలు, అపరాలు ఏవైనా ఎయ్యొచ్చు. తర్వాత నీడ కమ్మేస్తాది. అప్పుడు కంద, పసుపు, అల్లం లాటివి తట్టుకుంటాయి. సెట్టు ముదిరి పైకెళ్లినాక మళ్లీ వెలుతురు దిగుతాది. తిత్లీ తర్వాత నాటిన మొక్కల కింద ఆ ఎండ కాలం సానామందికి ఊరికే పోనాది. ఇంట్లో కుర్రోళ్లు విశాఖకో, హైదరాబాదుకో ఎలిపోయారు. నేను వాళ్లని తప్పు పట్టను.

టెక్కలి వైపు వరి పొలాల్లో ఇంకో పద్ధతి ఉన్నాది. కోతకి కొద్దిరోజుల ముందే వరి సేలో పెసలు, మినుములు జల్లుతారు. వరి కోసీసరికి మొలకలు లేచి ఉంటాయి, నేలలో ఉన్న తడితోనే పండుతాయి. ఇప్పుడు కోత మిషను దిగితే ఆ మొలకలు సక్రాల కింద నలిగిపోతన్నాయి. కూలీలు దొరకరు, మిషను తప్పదు. దీనికి సుళువైన జవాబు నా దగ్గర లేదు.

ప్రకృతి వ్యవసాయం వాళ్లు వానల ముందే నవధాన్యాలు జల్లమంటారు. మంచి మాటే. కానీ మా ఇసక నేలలో నీళ్లు లేకుండా రెండో పంట ఏస్తే అది కొబ్బరితోనే పోటీ పడతాది. అరటైతే పెద్దగాలికి కొబ్బరి కంటే ముందే పడిపోతాది. ఏది ఎక్కడ ఎయ్యాలో సూసుకోవాలి. ఇంకో మాట. తిత్లీ తర్వాత పరిహారం కొబ్బరికి సెట్టు లెక్కన ఇచ్చారు. సెట్టు భూమి ఉన్నోడిది. దాని కింద కౌలుకి పసుపో, కందో పెట్టిన ఆడమనిషి ఏ లెక్కలోకి వస్తాది? ఈ-పంట రాయడానికి మీ ఊరికొచ్చినప్పుడు కొబ్బరి అని రాసి ఊరుకోనివ్వకండి. కిందున్నదాన్ని కూడా సూపించి రాయించండి.

మాయమ్మ ఈ యేడు కూడా కంద గోతులు తవ్వించింది. రెండు వరసలు నాకు ఒగ్గీసింది, పసుపు ఎయ్యమని.