తీరికపని యను మాట

మన గోదావరీతీరపు గృహములలో నొక మాట తఱచుగా వినబడుచుండును. మధ్యాహ్నభోజనములై, పాత్రలు తోమి బోర్లించిన పిమ్మట వసారాలో గూర్చుండి క్రోషియాసూదితో దారమల్లుచున్న స్త్రీని జూచి, “ఏదో తీరికవేళ కాలక్షేపమునకు చేసికొనుచున్నది” అని యింటివారందురు. ఆమె యల్లుచున్నది బంధువుల యింట బుట్టిన శిశువునకు టోపీ కావచ్చును. స్నేహితురాలి గృహప్రవేశమునకు బల్లగుడ్డ కావచ్చును. ఏజంటు తెచ్చియిచ్చిన దారముతో నల్లి మరల నతనికే యప్పగింపవలసిన పువ్వులు కావచ్చును. ఈ మూటికిని మన మొకటే పేరు పెట్టితిమి. ఈ పేరు పొరపాటున బెట్టినది కాదనియు, దీనివలన లాభము పొందువారు కలరనియు, వారిలో సంస్కారప్రియులమని చెప్పికొను మనమును జేరియున్నామనియు మా వాదము.

మొదట నీ యల్లికనుగూర్చి యొక సంగతి చెప్పవలెను. రెండుసూదులతో మేజోళ్లను, స్వెట్టర్లను అల్లు పనిని యంత్రమునకు నేర్పి నాలుగు శతాబ్దములు దాటినది. ఇంగ్లండున విలియం లీ యను నతడు 1589లోనే మేజోళ్ల నల్లు యంత్రమును గల్పించెను. బాబిన్లతో నల్లు లేసును 1808–09 సంవత్సరములలో జాన్ హీత్‌కోట్ యంత్రమునకు వశము చేసెను. కుట్టుమిషను మన యిండ్లలో నమ్మమ్మలనాటినుండి యున్నది. క్రోషియాకు మాత్రము, కొక్కెపుసూదితో ముడిలోనుండి ముడిని లాగుచు నల్లు ఆ పనికి మాత్రము, వర్తకమునకు బనికివచ్చు యంత్రము నేటివఱకును రాలేదు. దానిని బోలిన సరకును యంత్రము నేయగలదు గాని, దానినే అల్లలేదు. కావున నిజమైన క్రోషియావస్తువు పారిసు నగరపు దుకాణమున నున్నను, మన ట్రంకుపెట్టెలో నున్నను, దాని ప్రతి ముడియు నొక మనుష్యుని వ్రేళ్లమీదుగా వచ్చినదే. తక్కిన పనులలో యంత్రమును నిందించి మనము తప్పించుకొనవచ్చును. ఇచ్చట ఆ వీలు లేదు. వస్తువు చౌకగా దొరకినచో నెవరి ప్రొద్దో చౌకగా గొనబడిన దన్నమాట.

ఎవరి ప్రొద్దు? దూరము పోనక్కఱలేదు. వశిష్ఠగోదావరి సముద్రమును జేరబోవుచోట నున్న నరసాపురమునందును, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతపు గ్రామములందును, నది కావలి గట్టున రాజోలుసీమయందును వేలకొలది స్త్రీలీ పని చేయుచున్నారు. 1844 ప్రాంతమున క్రైస్తవమతబోధకులగు మెక్రే దంపతులు దీనిని ఇచ్చటి స్త్రీలకు నేర్పిరని చెప్పుదురు. అంతకు ముందటి సంవత్సరముననే, అనగా 1843లో, ఇంగ్లండున థామస్ హుడ్ కవి చొక్కాలు కుట్టి పొట్టపోసికొను పేదరాలిని గూర్చి యొక గీతమును బ్రకటించి యచ్చటి ధనికుల నిద్ర చెడగొట్టెను. ఐర్లండునందు 1845లో నారంభమైన బంగాళాదుంపల క్షామమున క్రోషియా యెన్నియో కుటుంబములకు గంజి పోసినది. ఇది కాలక్షేపముగా బుట్టి మన దేశమునకు వచ్చిన వినోదము కాదనియు, ఆకలి వెంట వచ్చిన వృత్తియనియు జెప్పుటకే యీ సంవత్సరములను ఎత్తితిమి. ఇరువదవ శతాబ్దారంభమునుండి నరసాపురపు లేసు ఓడలమీద విదేశములకు బోవుట మొదలిడినది, నేటికిని బోవుచున్నది.

ఈ స్త్రీల స్థితిని మన యాంధ్రపండితులెవరును పరిశోధింపక పూర్వమే, మారియా మీస్ అను జర్మను విదుషి యిచ్చటికి వచ్చి గ్రామములు దిరిగి, 1982లో నరసాపురపు లేసుపనివారిని గూర్చి లండనున నొక గ్రంథమును బ్రచురించెను. ఆమె తేల్చిన దేమనగా: ఈ స్త్రీలు ఇంటిచాకిరియంతయు జేసికొనుచు దినమునకు 6 మొదలు 8 గంటలు అల్లుచున్నారు, వచ్చు కూలి వ్యవసాయపు కూలిస్త్రీకి చట్టము నిర్ణయించిన కనీసవేతనముకంటె చాల తక్కువ, అయినను వర్తకులును, ఇంటి మగవారును, తుదకు ఆ స్త్రీలును వీరిని పనివారందురు గాని కారు, “గృహిణులు, తీరికవేళ అల్లుకొనుచున్నారు” అందురు. గడపదాటి పొలమునకు బోవుట గౌరవభంగమని యెంచు కుటుంబములకు ఈ పని మిక్కిలి యనుకూలించినది. పరువు నిలిచినది, పైకము వచ్చినది, పేరుమాత్రము తీరిక. ఆ గ్రంథము వెలువడి నలువది యేండ్లు దాటినను, ఆ ఒక్క మాట విషయమున మన వసారాలలో మార్పేమియు గానరాదు.

ఆ మాట యెట్లు పనిచేయునో చూడుడు. ఒక స్త్రీ పువ్వు లల్లును. దీనిని చేతిపని యందురు. ఆ పువ్వులను మఱియొక యూరిలో మఱియొక స్త్రీ కూర్చును, అది అతుకుపని. మొదటి యామెకు రెండవ యామె మొగము తెలియదు. ఇరువురికిని ఆ బల్లగుడ్డ యెవరి బల్లమీద బఱచుదురో తెలియదు. కూలి వాడిన దారమును బట్టియో, ముగిసిన ముక్కను బట్టియో యిత్తురు గాని గంటను బట్టి యియ్యరు. ఏల? తీరికకు గంటలు లేవు గదా! కొలచుటకు వీలులేని వస్తువునకు బేరమాడుట యెట్లు? “నీ కూలి చాలదు” అని యామె యన్నచో, “ఊరక కూర్చుండుటకంటె మేలే గదా” యను ప్రత్యుత్తరము సిద్ధముగా నున్నది. ఊరక కూర్చుండిన గృహిణిని మాత్రము మే మింతవఱకు జూడలేదు.

వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో సూచీకర్మ కూడ నున్నదని సభలలో గర్వముతో జెప్పు పండితులు గలరు. వారు కౌటిల్యుని అర్థశాస్త్రములోని సూత్రాధ్యక్షప్రకరణమును మాత్ర మెత్తరు. నూలుపనికి అధికారియైనవాడు వితంతువులచేతను, అంగవైకల్యము గలవారిచేతను, కన్యలచేతను నూలు వడికింపవలెనని చెప్పి, నూలు సన్నమో, మోటో, మధ్యమమో పరికించి కూలిని నిర్ణయింపుమన్నాడు కౌటిల్యుడు. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలద్వారా పని పంపి మర్యాదతో జేయించుకొనుమన్నాడు. వేకువను నూలు దెచ్చిన స్త్రీ మొగమును ఆ యధికారి తేఱిపాఱజూచినను, పనికి సంబంధింపని మాటలాడినను ప్రథమసాహసదండము; కూలి నియ్యవలసిన కాలమున నీయక జాగుచేసెనేని మధ్యమసాహసదండము. రెండవ శిక్షయే పెద్దదని పాఠకులు గమనింతురుగాక. కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి బొటనవ్రేలు దునుమవలెనను క్రూరశాసనమును ఆ ప్రకరణముననే గలదు. దానిని మేము సమర్థింపము, మఱుగుపఱుపము. అయినను గడపదాటని స్త్రీ చేసిన పనిని కౌటిల్యుడు తీరికయని పిలువలేదు. దానికి నాణ్యము గలదు, కూలి గలదు, కాలపరిమితి గలదు, జాగునకు జరిమానా గలదు. ప్రాచీనుల మూఢత్వమును తొలగింపబూనిన మన మీ విషయమున ప్రాచీనులకంటె వెనుకబడితిమి.

ఇచ్చట మమ్మాక్షేపించువా రుందురు. “వర్తకమున కల్లినదానికి మీ మాట తగును, కాని తల్లి బిడ్డ కల్లిన టోపీకిని, చెల్లెలు అన్నకు గుట్టిన చేతిరుమాలునకును గంటల లెక్క కట్టుమందురా? ప్రేమలోనికి చిఠ్ఠాపుస్తకమును దెచ్చెదరా?” యని వారి ప్రశ్న. ఉక్కపోతకు బ్రసిద్ధమైన మన డెల్టాలో శిశువునకు ఉన్నిటోపీ ప్రేమచేతనే అల్లుదురని మేము నంగీకరింతుము. వేఱు కారణమేదియు గానరాదు. కాని ప్రశ్న సూటిది గనుక సూటిగానే యుత్తరమిత్తుము.

కానుక యనగా ఇయ్యకుండుటకును స్వాతంత్ర్యము గలవా రిచ్చునది. మన యిండ్లలో జరుగుచున్న దేమి? వదినగారు చుట్టపుచూపుగా వచ్చి, తలగడపైనున్న అల్లిక నంచును వ్రేలితో దడవి, “మా యింటికి నాలుగు చేసి పంపవమ్మా, నీకు తీరికే గదా” యనును. అత్తవారి యింటికి బోవు పిల్ల గుమ్మపుతెరలును, బల్లగుడ్డలును, తలగడగలీబులును స్వహస్తముతో జేసి పట్టుకొనిపోవలెనని తల్లి తొందరపెట్టును. అవి పెండ్లివారియెదుట పఱచి యామె బుద్ధిమంతురాలని నిరూపింపవలెను. దీనిని గానుక యనుటకంటె పన్ను అనుట న్యాయము. ఒక బల్లగుడ్డకు 120 పువ్వులు పట్టుననుకొందము. పువ్వునకు అరగంట చొప్పున 60 గంటలు. కూర్పునకు మఱియొక పది గంటలు. దినమునకు రెండు గంటలు చిక్కినను 35 దినముల పని. ఆ గుడ్డ అందుకొన్న బంధువు దానిని నెలనాళ్లలో ఊరగాయజాడీ క్రింద వేసి, “బజారులో ఇటువంటివి రెండువందలకు దొరకుచున్నవి” అనినచో, అతనిని గఠినుడనుట యెట్లు? 35 దినములని యతనికి జెప్పినవా రెవరు? మన మతనికి జెప్పినది తీరిక యని. లెక్క తెలిసిననాడు ప్రేమ తఱుగునని మేము భయపడము. ఎంత యిచ్చినారో యెఱిగి పుచ్చుకొన్నవాడు జాడీ క్రింద మఱియొక గుడ్డను వెదకికొనును.

ఇట్టి తర్కము మన దేశమున నిదివఱ కొకమాఱు జరిగినది. దేశముకొఱకు వడుకుటను గాంధీగారు యజ్ఞమనిరి. కాని జీవనమునకై వడుకు పేదరాలికి యజ్ఞమను పేరు చెప్పి తక్కువ కూలి యిచ్చుట తగదని పట్టుపట్టినదియు వారే. 1935లో అఖిలభారత చరఖాసంఘము, ఎనిమిది గంటల పనికి పొట్టకు జాలునంత కూలి యుండవలెనని తీర్మానించినది. ఖద్దరు ప్రియమగును, అమ్మకము పడిపోవును అని బేరసారములు తెలిసినవారు బెదరిరి. ఆ బెదరు నిష్కారణము కాదు. అయినను ఆ తీర్మానము న్యాయము. యజ్ఞమును గూలియు నొకటే పేరున బోవుచున్నంత కాలము, యజ్ఞము చేయువారి గౌరవము కూలివారికి రాలేదు, కూలివారి దారిద్ర్యము మాత్రము యజ్ఞమను మాట చాటున డాగెను. క్రోషియా విషయమునను సరిగా నిదియే జరుగుచున్నది.

ఇక రెండవ పక్షమువారు: నవనాగరికులు. వారు, “ఈ కన్నులు చెఱచుకొను పని యేల? చదువుకొన్న స్త్రీలు సూదులను గోదావరిలో బాఱవేయుడు” అందురు. వారికి మేము దీర్ఘముగా సమాధాన మీయము. పని కెడునది వెల లేకుండుటచేత గాని సూదిచేత గాదు. చేతనైన పనిని చేయుటలోని ఆనందము కల్ల గాదు. లేసు పైకముతో బిడ్డల బడిజీతము గట్టిన తల్లులు గలరు. పాఱవేయవలసినది సూది గాదు, విశేషణము.

మఱి, నరసాపురము క్రోషియాలేసునకు 2024లో భౌగోళికసూచిక వచ్చినది గదా యని సంతోషించువారితో మేమును సంతోషింతుము. వేఱొకచోట చేసిన సరకు నింక నరసాపురపు పేరున అమ్మరాదు. పేరునకు రక్షణ కలిగినది, మంచిదే. కాని ఆ పత్రమున పువ్వు అల్లినవారి కింత, అతికినవారి కింత యని లేదు. అది దాని పనియు గాదు. ఇంటనుండి పనిచేయువారిని తక్కిన శ్రామికులతో సమానముగా జూడవలెనని 1996లో జినీవాయందలి అంతర్జాతీయ కార్మికసంస్థ 177వ యొడంబడికను రచించినది. భారతదేశము దానిని ధ్రువీకరింపలేదు. ఊరిపేరు కాపాడుటకు జూపిన శ్రద్ధలో సగమైన ఊరివారిమీద జూపలేమా?

1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పిన వీరేశలింగము పంతులుగారి వెనుక మన మెంతో దూరము నడచితిమని తలంతుము. ఆడుబిడ్డకు చదువు వచ్చినది. ఆమె పనికి లెక్క రాలేదు. ఇంట చాకలిపద్దు వ్రాయుదుము, పాలపద్దు వ్రాయుదుము. అల్లిక పద్దు మాత్రము మన పుస్తకమున కెక్కదు. పాఠశాలలలో కుట్టు నేర్పినప్పుడు కుట్టుతోపాటు వెలకట్టుటయు నేర్పవలెను: దారమెంత, ప్రొద్దెంత, కూలి యెంత, అమ్మకపు ధరలో ఆ కూలి యెన్నవ వంతు. త్రైరాశికము వచ్చిన పిల్లకు నిది కష్టము గాదు. మగపిల్లలను గూడ ఆ తరగతిలో గూర్చుండబెట్టవలెనని మా కోరిక. ఒక పువ్వును చివరివఱకు అల్లి చూచిన కుఱ్ఱవాడు, పెద్దవాడైన పిమ్మట చెల్లెలితో తీరికయను మాట యంత తేలికగా ననడు.

“చీటీ యడిగిన స్త్రీకి ఏజంటు మఱునాడు దారమీయడు” అని యనుభవజ్ఞు లొకరు మాతో ననిరి. నిజమే, ఒంటరిగా నడిగిన నట్లే యగును. అందుకే పదిమంది గూడి సంఘముగా నడుగవలెను. నరసాపురము చెంత సీతారామపురమున లేసుపార్కు వెలసి, స్త్రీల సహకారసంఘములు తామే సరకు నమ్ముకొను ప్రయత్నము జరిగినది. అది యెంత చిన్నదైనను సరియైన దిక్కున వేసిన యడుగు. మన పాఠకులలో పెండ్లికో, పండుగకో లేసు కొనబోవువారు కొంద రుందురు. వారు ధర యడిగినతోడనే, “దీనికి ఎన్ని గంటలు పట్టినవి? ఇందులో అల్లిన యామె కెంత?” అని రెండు ప్రశ్నలు వేయవచ్చును. అమ్మువానికి ఉత్తరము తెలియకపోవచ్చును. తెలియదని యతనిచేత ననిపించి, ఆ మాటను ఇంటికి వచ్చి వసారాలో నలుగురికిని జెప్పుడు.