దేవుణ్ణి అడిగే ముందు ఏజెంటును అడగండి

ఒంటిమిట్ట రాముడు పిలిస్తే పలుకుతాడని పేరు. కడప నవాబు ప్రతినిధి ఇమాం బేగ్ అదేదో తేల్చుకుందామని గుడి దగ్గర నిలబడి మూడుసార్లు పిలిచాడట, లోపలి నుంచి "ఓ" అని వినిపించిందట. ఆ పలుకును ఇప్పుడు పరీక్షించలేం. బేగ్ తవ్వించాడని చెప్పే బావి మాత్రం ఆయన పేరుతోనే ఉంది.

అయితే బేగ్ "ఉన్నావా?" అని మాత్రమే అడిగాడు. మనవాళ్లు "కువైట్ పోవాలా, వద్దా?" అని అడుగుతారు. ఎర్ర పువ్వొక కాగితంలో, తెల్ల పువ్వొక కాగితంలో పొట్లం కట్టి, పటం ముందు పెట్టి, చంటిపిల్ల చేత ఒకటి తీయిస్తారు. ఒంటిమిట్ట, రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు కాబట్టి ఈ ప్రశ్నకు కొదవ లేదు.

బీఈడీ చదివిన కుర్రవాడొకడు ఉన్నాడనుకోండి. ఏజెంటు డ్రైవర్ వీసా ఉందంటాడు. జీతం నోటిమాటే, డబ్బు మాత్రం వారంలో కట్టాలి. మరోపక్క టీచరు ఉద్యోగాల డీఎస్సీ మీద ఆశ. రెండు దారులూ నిజంగా సరిసమానమైతే పొట్లం తీసినా, రూపాయి బిళ్ల ఎగరేసినా ఒకటే, ఊగిసలాట తెగుతుంది. నాకు అభ్యంతరం లేదు. కానీ కోరుకున్న రంగు రాకపోతే ఏం జరుగుతుందో చూడండి. "మనసు నిలిపి దండం పెట్టుకోలేదు, మళ్లీ తియ్యమ్మా" అంటారు. అంటే ఇంట్లో నిర్ణయం ముందే అయిపోయింది. దేవుడి సంతకం ఒక్కటే తక్కువ.

జ్యోతిష్యుడు ఇంకో మాట చెబుతాడు: వచ్చే ఏడు గురుబలం ఉంది, ఆగు, సర్కారు కొలువు ఖాయం. 2018 డీఎస్సీ తర్వాత ఎంతమంది ఇలా ఆగారో! 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన 2025 ఏప్రిల్లో గానీ రాలేదు. ఆ తేదీని నిర్ణయించింది ఎన్నికలు, ప్రభుత్వాలు. గురుడికి ఆ ఫైలుతో పనేముంది?

ఆగమనేవాళ్లు పోతననూ తెస్తారు, డబ్బుకు ఆశపడక భాగవతాన్ని రాజుకివ్వనన్నాడు కదా అని. ఆయన మావాడంటే మావాడని ఒంటిమిట్టకూ ఓరుగల్లు దగ్గరి బమ్మెరకూ తగవుంది, అదలా ఉంచుదాం. ఆ కథలోనే పోతన చేతిలో నాగలి ఉంది. తిండికి సేద్యం ఉంది గనుక కాదనగలిగాడు. వానను నమ్ముకున్న రెండెకరాలు, వాటి మీద బ్యాంకు అప్పు ఉన్న ఇంట్లో, ఇంకా ఎన్ని నెలలు ఆగగలమన్నది కాగితం మీద కూడికలు వేసి తేల్చుకోవలసిన సంగతి.

పోవడమే మేలని తేలితే, అడిగితే జవాబు దొరికే ప్రశ్నలు చాలా ఉన్నాయి. వీసా 18వ నంబరు కంపెనీదా, 20వ నంబరు ఇంటిపనిదా? ఇంటిపని వీసా మీద దిగినవాడు ఆ యజమాని దగ్గరే పనిచేయాలి, బయట చేస్తే నేరం. డ్రైవరని తీసుకుపోయి ఎడారిలో గొర్రెలు కాయించిన ఉదంతాలు ఈ సీమకు కొత్తవి కావు. 1983 వలస చట్టం కింద ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అభ్యర్థి దగ్గర అతను తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లైసెన్సు నంబరు నిజమైనదో కాదో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఫోనున్న ఇంట్లో ఇది పొట్లం కట్టినంతసేపు పట్టదు.

పొట్లం వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడే. పొమ్మన్నట్టు తెల్ల పువ్వొచ్చాక ఈ ప్రశ్నలు వేయడం దేవుణ్ణి శంకించినట్టవుతుందని ఇంటిల్లిపాదీ నోరు మూసుకుంటారు. తీరా మోసపోయాక "నా రాత" అంటారు. లక్షలు మింగిన ఏజెంటుకు అంతకన్నా మంచి లాయరు దొరకడు. అతను కూడా "మంచిరోజు చూసుకుని డబ్బు తెండి" అనే చెబుతాడు. లైసెన్సు నంబరు అడిగితే మాత్రం "మనూరోణ్ణే కదబ్బా, నా మీద నమ్మకం లేదా?" అంటాడు.