ఆంగ్ల సాహిత్య విద్యార్థికి మనం చేస్తున్న ద్రోహం

కలికిరి బస్టాండులో మదనపల్లె బస్సు కోసం నిలబడిన ఇంగ్లీషు డిగ్రీ విద్యార్థిని సంచిలో ఏముంటుంది? షేక్స్‌పియర్ నాటకమా? దాన్ని నాలుగు పుటలకు కుదించిన గైడు! ప్రశ్నల పక్కన పెన్సిలుతో ‘ఇంపార్టెంట్’ అన్న గుర్తులు. లియర్ రాజు దుఃఖం పది మార్కుల జవాబుగా కంఠస్థమైపోతుంది. దాన్ని చదువుతూ ఆ పిల్ల కన్ను చెమర్చదు. చెమర్చే అవకాశం మనం ఇచ్చామా?

ఇది పిల్లల దోషమా? మూలగ్రంథం తెరవకుండా నోట్సు రాయించే అధ్యాపకులం మనమే. “ఇంగ్లీషు ఎమ్మే చేస్తే ఏం ఉద్యోగమొస్తుంది?” అని పిల్లల జిజ్ఞాసను మొగ్గలోనే తుంచే తల్లిదండ్రులం మనమే. ఉచ్చారణ తడబడితే నవ్వే సహాధ్యాయులం మనమే. నలుగురిలో నాలుగు ఆంగ్లపదాలు వల్లించి, ఇంట్లో ఒక్క పుస్తకానికీ చోటివ్వని పెద్దమనుషులం, మనం కామా? భాషను ఆభరణంగా ధరించాం, అంగడి సరుకుగా తూచాం; పరుల వేదనను మన హృదయంతో గ్రహించే సాధనగా ఏనాడూ స్వీకరించలేదు. ఫలాపేక్ష మన శ్రద్ధను హరించింది. శ్రద్ధ నశించిన చోట ఏ విద్యకు మాత్రం విలువ?

ఈ నేలకు ఇంతకన్నా ఉదాత్తమైన వారసత్వం ఉంది. 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో స్థాపించిన కళాశాలలో ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ఆంగ్లం బోధించారు. తన దేశంలో పరపాలనపై 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటును నిర్భయంగా శ్లాఘించిన కలం ఆయనది. 1919లో అక్కడికి అతిథిగా విచ్చేసిన రవీంద్రులు ‘జనగణమన’ను ఆ ప్రాంగణంలోనే ఆంగ్లీకరించారు. కొద్ది వారాలకే జలియన్‌వాలాబాగ్‌లో నెత్తురు పారింది. సర్ బిరుదు నాకు వద్దని వైస్రాయికి ఆయన రాసిన లేఖా ఆంగ్లమే. పాలకుల భాషలోనే పాలితుల ఆత్మగౌరవం గర్జించింది! భాషకు ఆ తేజస్సు వ్యాకరణం ఇచ్చిందా, శీలం ఇచ్చిందా?

ఆ శీలం మన బిడ్డలకు అందని మానిపండేమీ కాదు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మధురాంతకం రాజారాం వంటి కథకుణ్ణి కన్న సీమ మనది. ఈ గడ్డ కరువునూ కరుణనూ ప్రపంచానికి వినిపించే అనువాదకులు ఈ తరగతి గదుల్లోంచే రావాలి. వస్తారు! అధ్యాపకులమైన మనం రేపటి పాఠానికి గైడు మూసి మూలం తెరుద్దాం. తల్లిదండ్రులమైన మనం జీతం సంగతి పక్కన పెట్టి, ఈ రోజు ఏం చదివావమ్మా అని అడిగి, ఆ పిల్ల చెప్పేది చివరిదాకా విందాం.