చెరువున నుండవలసిన నివ్వరి

కొడవలి తగులువరకును వెన్ను గింజను విడువకుండుట మనకు వరియొక్క సహజధర్మముగా దోచును. కాని మొక్క దృష్టిలో నది వైకల్యమే. గింజ నేలరాలినగాని దాని సంతతికి మనుగడ లేదు. కావుననే చెరువు లోతట్టున తనంత తాను మొలచు నివ్వరి యను నడవివరి, ముదిరిన గింజను ముదిరినట్లే రాల్చివైచుచు, మునివృత్తివారికి దక్క నితరులకు గిట్టుబాటుకాని ధాన్యముగా నిలిచిపోయినది.

ఈ భేదమంతయు గింజకును కాడకును నడుమనుండు నొక సన్నని పొరలో నిమిడియున్నది. ఆ సంధిస్థానమున చుట్టునుగల కణముల గోడలు లిగ్నిన్ అను దారుపదార్థముచే గట్టిపడియుండగా, పొరలోని చిన్నకణములు మాత్రము పలుచని గోడలతో మెత్తగా నుండును. గింజ ముదిరినంతనే, ఆ కణముల నొండొంటి కంటించియుంచిన పెక్టిను ఎంజైములచే గరగిపోవును. పిదప పట్టియుంచునది నడిమి నాళికాపుంజ మొక్కటియే గనుక చిరుగాలికైనను గింజ యూడిపడును. సాగువరిలో నీ పొర సమూలముగా లోపింపలేదు. నాళికాపుంజమునకు సమీపమున నసంపూర్ణమై యాగిపోయినది. దీనికి మూలమైన ఎస్‌హెచ్ 4 అను జన్యువును 2006లో గుర్తించిరి. ప్రోటీనులో లైసీనునకు బదులు ఆస్పరజీను చేరుటయే ఆ మార్పు.

మార్పు స్వల్పమేకాని, అది స్థిరపడుట స్వల్పకాలమున జరుగలేదు. చైనాలోని తియన్‌లువోషాన్ త్రవ్వకములలో లభించిన వడ్ల మొదళ్ల మచ్చలను పరీక్షింపగా, రాలని రకము 27 శాతమునుండి 39 శాతమునకు పెరుగుటకే సుమారు 300 సంవత్సరములు పట్టినట్లు తేలినది. పేరు తెలియని యెన్ని తరముల కృషీవలుర హస్తములు దీనికి గారణమో!

ఇట్లు కష్టముమీద వదలించిన యా రాలు గుణము నేడు కలుపువరి రూపమున మరల చేలకు వచ్చుచున్నది. కూలీల కొరతచేతను నీటి పొదుపునకును నాట్లు మాని వెదజల్లుటకు మరలుచున్న రైతును నేను తప్పుపట్టను. అయితే నాటుమడి నిలువనీటిలో నణగియుండు కలుపువరి వెదచేనున పైరుతోపాటే మొలచును. పసిప్రాయమున నానవాలు పట్టరాదు. కోతకు ముందే యెఱ్ఱగింజలను రాల్చి నేలలో దాచును. కలుపుమందును తట్టుకొను వంగడములే దీనికి విరుగుడనువారు, అమెరికాలో నట్టి వరి సాగైన పొలములందు ఆ గుణము సంకరముచే కలుపువరికే సంక్రమించిన సంగతిని మఱువరాదు. కల్తీలేని విత్తనము, తడిపెట్టి మొలిపించిన కలుపును దున్నివేసిన పిదపనే విత్తుట, మధ్యమధ్య పెసర మినుములతో పంటమార్పిడి: ఇవియే నమ్మదగిన యుపాయములు.

అట్లని, కలుపువరివలెనే గింజ రాల్చునను నెపమున నివ్వరిని నిర్మూలింప బూనుట ఘోరమైన పొరపాటు. గ్రాసీ స్టంట్ అను వైరస్ తెగులు ఆసియా వరిచేలను పీడించినపుడు, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థవారు వేలకొలది నమూనాలను గాలింపగా, ఉత్తరప్రదేశమునుండి సేకరించిన నివ్వరి యొక్కదానియందే నిరోధశక్తి కానవచ్చినది. ఐఆర్ 36 మొదలగు వంగడములకు అది యందుండియే సంక్రమించినది. చెరువుల పూడిక తీయించు నధికారులు, వరిచేలకు దూరమైన తావుల నివ్వరి గుబురులను గుర్తించి, యంత్రము పెట్టకుండ విడిచిపెట్టవలెను. వెదచేలకు విత్తనమిచ్చువారు ఎఱ్ఱగింజ యొక్కటియు లేకుండ నేరించి మఱి యీయవలెను.