మంచం పట్టిన మనిషికి ఇంటి దగ్గరే కసరత్తు నేర్పాలి

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రజలకు విన్నపం

ఒక పక్క చేయీ కాలూ పడిపోయిన మనిషిని 108లో ఎక్కించి, ఆస్పత్రిలో వారం పది రోజులు ఉంచి, ప్రాణాలతో ఇంటికి తెచ్చుకున్నాక అసలు కష్టం మొదలవుతుంది. మందుల చీటీ అడుగున ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఎక్కడ చేయించాలి? పల్లె నుంచి కోదాడకు రోజూ ఆటో మాట్లాడుకుని, ఇద్దరు పట్టి ఎక్కించి దించి, కూలి పోగొట్టుకుని ఎన్నాళ్లని తిప్పగలరు? కొద్ది రోజులకే ఆపేస్తారు. ఆ తర్వాత నూనె మర్దన, పసరు మందు, దేవుడి మీద భారం.

పక్షవాతంలో దెబ్బతిన్న మెదడు మళ్లీ నేర్చుకోగలదు. చెడిపోయిన భాగం చేసే పనిని మిగతా భాగాలు కొంతవరకు అందుకుంటాయి. అయితే అదే కదలికను రోజూ, వందలసార్లు చేయించాలి. మొదటి మూడు నెలలు ఇందుకు చాలా విలువైనవి. మనవాళ్లు ఆ మూడు నెలలూ గోడ వైపు తిరిగి పడుకుని గడుపుతున్నారు. ప్రేమకొద్దీ మనం చేసే తప్పులూ ఉన్నాయి. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపితే భుజం కీలు జారుతుంది. పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చెప్పేవాళ్లు ఉంటే ఈ తప్పులు ఎవరు చేస్తారు?

ఆ చెప్పే పనికి ఫోనును వాడుకోవాలని అడుగుతున్నాం. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పరిశోధకులు పాలుపంచుకుని ‘కేర్ ఫర్ స్ట్రోక్’ పేరుతో ఇలాంటి ఏర్పాటు తయారుచేశారు. చెన్నైలో బాధితుల ఇళ్లలో పరీక్షిస్తే మొదట నెట్ అందలేదు, వీడియోలు ఆగిపోయాయి, బొమ్మ మసకగా కనిపించింది. వాటిని సరిచేసి మళ్లీ ఇస్తే 30 మందిలో 27 మంది అర్థమైంది, పనికొచ్చింది అన్నారు. ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. వాడే మనిషి చెప్పిన లోపాలను విని మార్చారు కాబట్టే అది పనికొచ్చింది.

ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పాలి. దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో ‘అటెండ్’ అనే పెద్ద పరిశోధన జరిగింది. ఇంటివాళ్లకు కసరత్తులు నేర్పి, చేయించే భారం వాళ్లకే అప్పగించి చూశారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లూ, ఇంకొకరి మీద ఆధారపడి బతికేవాళ్లూ కలిపి, ఇలా నేర్పినవాళ్లలోనూ మామూలు వైద్యమే అందినవాళ్లలోనూ 47 శాతమే. అంటే భార్య మీదో కోడలి మీదో బరువంతా వేసి, ఒక యాప్ చేతిలో పెట్టి ప్రభుత్వం చేతులు దులుపుకుంటే కుదరదు. ఫోను వెనక ఫిజియోథెరపిస్టు ఉండాలి. రోగి చేసిన కసరత్తును వారానికోసారి వీడియోలో చూసి, ఇది తప్పు, ఇలా మార్చు అని చెప్పే మనిషి కావాలి.

ఆ యాప్ ఎలా ఉండాలో కూడా మేమే చెప్తాం. కొడుకు ఫోను పగలంతా అతనితో పనికి పోతుంది, కాబట్టి ఆశా కార్యకర్త దగ్గర ఒక టాబ్లెట్ ఉండాలి. నెట్ లేకపోయినా నడవాలి. చదువురాని ముసలమ్మకు మన యాసలో మాట వినిపించాలి. ఒక్క చేత్తో నొక్కగలిగేంత పెద్ద గుర్తులుండాలి. మాట పడిపోయినవాళ్లకు బొమ్మలు కావాలి. రబ్బరు బంతులూ యంత్రాలూ చూపిస్తే మన ఇళ్లలో ఎక్కడ దొరుకుతాయి? చెంబు పట్టుకోవడం, కందిగింజలు ఏరడం, తువ్వాలు పిండడం, నులక మంచం మీంచి లేచి నిలబడడం చూపించాలి. తయారుచేసేవాళ్లు ముందు మన ఇళ్లకొచ్చి, మన మంచాలూ గడపలూ మరుగుదొడ్లూ చూడాలి.

2019లో మొదలైన సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఈ పనికి ముందుకు రావాలి. ప్రతి మండలానికీ ఒక ఫిజియోథెరపిస్టును వేయాలి. రోగి ఆస్పత్రి గేటు దాటకముందే అతని పేరు ఆ మండలం జాబితాలో చేరాలి.

మీ ఇంట్లో పక్షవాతం వచ్చినవాళ్లుంటే ఒక కాగితం మీద వాళ్ల పేరు, వయసు, ఎన్ని నెలలైందో, కసరత్తు ఎందుకు ఆగిపోయిందో రాయండి. సోమవారం ప్రజావాణికి కోదాడ, సూర్యాపేట వాళ్లు సూర్యాపేట కలెక్టరేట్‌కు, మిర్యాలగూడ వాళ్లు నల్లగొండ కలెక్టరేట్‌కు ఆ కాగితం పట్టుకుని రండి. నడవగలిగిన బాధితులను కూడా వెంట తీసుకురండి.