బాకీ దగ్గర బేరం

మూడు నాలుగు వాయిదాలు తప్పిన ఇంట్లో ఫోన్ మోగితే అందరి ముఖాలూ మారిపోతాయి. తెలియని నంబరైతే ఇంటాయన బయటికి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడతాడు. కొన్నాళ్లకు ఎత్తడమే మానేస్తాడు. వసూలుకు తిరిగే కుర్రాడు గుమ్మంలోకి వస్తే నాన్న లేడని పిల్లలతో చెప్పిస్తాడు. ఇలా నెలలు గడిచాక ఒక రోజు అవతలి గొంతు మెత్తబడుతుంది. ‘సార్, మొత్తం రెండు లక్షల ఎనభై వేలయింది. లక్షన్నర కట్టేయండి, క్లోజ్ చేయించేస్తా. ఈ నెలాఖరు వరకే ఆఫర్.’ అప్పటికే వేగిపోయిన మనిషి మారు మాట లేకుండా సరేనంటాడు. తొందరపడి అనేసిన ఆ ‘సరే’ గురించే మా బెంగ.

గొంతు మెత్తబడటానికి కారణం ఉంది. వాయిదా 90 రోజులకు మించి తప్పితే ఆ ఖాతా నిరర్థక ఆస్తి కింద పడుతుంది. ఆ నష్టానికి బ్యాంకు తన లాభంలోంచి డబ్బు తీసి పక్కన పెట్టుకోవాలి. తాకట్టు లేని అప్పు పాతబడేకొద్దీ వసూలు కష్టమవుతుంది. కొంత వదులుకుని మిగిలింది రాబట్టుకోవడం బ్యాంకుకూ గిట్టుబాటే. ఇలాంటి రాజీలకు ప్రతి బ్యాంకుకూ తన బోర్డు ఆమోదించిన విధానం ఉండాలని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో చెప్పింది. అప్పుడు చర్చంతా పెద్ద ఎగవేతదారుల చుట్టూనే సాగింది. కార్డు బాకీ పడ్డ చిరుద్యోగికి కూడా ఆ తలుపు తట్టే వీలుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. అయితే ఈ రాజీని, అంటే వన్‌టైమ్ సెటిల్‌మెంట్‌ను, హక్కుగా కోరలేమని బిజ్నోర్ అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2021లోనే తేల్చింది. కాబట్టి అడగాలి, మాట్లాడాలి, తన పరిస్థితి విప్పి చెప్పుకోవాలి.

చిక్కంతా అక్కడే. అప్పుల్లో ఉన్న మనిషి తాను కట్టగలిగిన మొత్తం చెప్పడు, ఆ ఫోన్ ఆగిపోయే మొత్తం చెబుతాడు. ఆ లక్షన్నర ఎక్కడి నుంచి వస్తుంది? భార్య గొలుసు తాకట్టుకు వెళుతుంది. అదీ చాలకపోతే ఊళ్లో ఐదు రూపాయల వడ్డీకి తెస్తాడు. నెలకు నూటికి ఐదంటే ఏడాదికి 60 శాతం. లక్షన్నర మీద వడ్డీయే నెలకు 7,500. అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు బాకీ వదిలించుకోబోయి అంతకంటే కఠినమైన చేతుల్లో పడ్డట్టే. పోనీ ఒప్పుకున్న గడువుకు ఆ డబ్బు సమకూరకపోతే రాజీ రద్దవుతుంది, పాత బాకీ మొత్తం మళ్లీ నెత్తిమీదికొస్తుంది. అందుకే ఆ అంకె ఫోన్‌లో పుట్టకూడదు. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, మందుల చీటీ ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సిన అంకె అది. ఇంట్లోవాళ్లకు చివర్లో తెలియడం చాలా కుటుంబాలను కుంగదీసింది.

దాపరికానికి మూలం సిగ్గు. వసూలు చేసేవాళ్లకు ఆ సిగ్గే ఆయుధమైన రోజులు మనం చూశాం. మైక్రోఫైనాన్స్ అప్పులు తీసుకున్న ఆడవాళ్లను ఇరుగుపొరుగు ముందు నిలబెట్టి అవమానిస్తే, ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్‌లోని నంబర్లన్నిటికీ ఆ కుటుంబాల పరువు పంచారు. ఇప్పుడు నిబంధనలున్నాయి. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం బకాయి కోసం ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. నలుగురిలో కించపరచకూడదు, బంధువుల, స్నేహితుల జోలికి వెళ్లకూడదు. ఇవి తెలిసిన మనిషి కాస్త నిటారుగా కూర్చుని మాట్లాడగలడు. వచ్చిన కుర్రాడూ మనలాంటి ఇంటి బిడ్డే, డిగ్రీ చదివి టార్గెట్ల మీద బతుకుతున్నవాడే. అతన్ని తిట్టనక్కర్లేదు. ‘బాబూ, అసలెంత, వడ్డీ ఎంత, పెనాల్టీ ఎంతో విడివిడిగా స్టేట్‌మెంట్ తీసుకురా, అప్పుడు మాట్లాడదాం’ అంటే చాలు.

ఒప్పందం కుదిరితే బ్యాంకు లెటర్ చేతికి రాకుండా రూపాయి కూడా కట్టకూడదు. ‘ఈ నంబరుకు కొట్టేయండి’ అంటే అసలే వద్దు, డబ్బు లోన్ ఖాతాలోకే వెళ్లాలి. రాజీ పడిన అప్పు సిబిల్ రికార్డులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుందనీ, రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు అది అడ్డొస్తుందనీ ఏజెంటు సాధారణంగా చెప్పడు. ఆస్తి పత్రాలు తాకట్టులో ఉంటే, బాకీ తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. ఒంటరిగా మాట్లాడే ధైర్యం లేనివారికి లోక్ అదాలత్ ఉంది. కోర్టుకెక్కని బ్యాంకు బాకీలనూ అక్కడ తేలుస్తారు. ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ, దాని మీద అప్పీలు ఉండదు.

బ్యాంకులను ఒకటి అడగాలి. అప్పు ఇచ్చేటప్పుడు ముఖ్యమైన షరతుల పత్రం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్న నియమం 2024లో వచ్చింది. అప్పు తీర్చేటప్పుడు ఇచ్చే రాజీ పత్రానికీ అదే వర్తింపజేయాలి. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, ఏ ఖాతాలో, కట్టాక ఇంకేమైనా బాకీ ఉంటుందా, సిబిల్‌లో ఏమని నమోదవుతుంది అన్న ఐదు సంగతులూ తెలుగులో ఒక్క పేజీలో ఇవ్వడం బ్యాంకులకు కష్టం కాదు. ఆ పేజీ ఇవ్వకుండా డబ్బు తీసుకోవద్దని తమ ఏజెంట్లకు ముందు బ్యాంకులే చెప్పాలి.