వ్యాయామానికి భయపడొద్దు.. తొందరపడొద్దు

కాన్‌బెర్రా ఉత్తరాన మా హారిసన్‌లో గానీ, పక్కనే ఉన్న గంగాలిన్‌లో గానీ నాలుగు తెలుగు కుటుంబాలు కలిస్తే ఈమధ్య ఒక చర్చ తప్పకుండా వస్తోంది. నలభై దాటాక ఎగిరి దూకే ఆ గ్రూప్ క్లాసులు మనకు అవసరమా, నడక చాలదా అని ఒకరంటారు. ‘పునీత్ రాజ్‌కుమార్ సంగతి మరిచిపోయారా?’ అని ఇంకొకరు అందుకుంటారు. 2021 అక్టోబరు 29న ఆయన 46 ఏళ్లకే కన్నుమూశారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరి 21న, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి మేకపాటి గౌతంరెడ్డి 50 ఏళ్లకు గుండెపోటుతో వెళ్లిపోయారు. ఇద్దరూ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవారే. అందుకే మన ఇళ్లలో ‘జిమ్‌కి వెళితే ప్రమాదం’ అన్న తీర్మానం అయిపోయింది.

ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు అలాంటి క్లాసుకు వెళుతున్న మనిషిగా ఆ తీర్మానంతో నేను ఏకీభవించలేను. అలాగని ‘అందరూ రేపే చేరిపోండి’ అనీ అనను. ప్రమాదం క్లాసులో లేదు. ఏళ్ల తరబడి కదలని ఒంటిని, దాని పరిస్థితి తెలుసుకోకుండా, ఒక్కరోజులో పరుగు పెట్టించడంలో ఉంది. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే భయపడి మానేసేవారూ, తొందరపడి దెబ్బతినేవారూ ఇద్దరూ నష్టపోతారు.

ఇంతకీ ఏమిటీ క్లాసు?

హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్ అనే పెద్ద పేరును పొట్టిగా హిట్ అంటున్నారు. కొన్ని సెకన్లు గట్టిగా చేయడం, కొన్ని సెకన్లు ఆగడం, మళ్లీ చేయడం. ఇరవై మంది దాకా ఒక హాల్లో ఉంటారు. గోడ మీద గడియారం 40 సెకన్లు లెక్కపెడుతుంది, 20 సెకన్లు ఊపిరి తీసుకోనిస్తుంది. గుంజీలు, దండీలు, బరువులు ఎత్తడం, తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ మెషీన్, నేల మీద పడి లేచి గెంతే బర్పీలు... ఒకదాని తర్వాత ఒకటి. సిడ్నీలో పుట్టి దేశాలు దాటిన ఎఫ్45 పేరులో ఉన్న 45 ఇలాంటి క్లాసు నడిచే నిమిషాలే.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాతా ఒకరు. 20 సెకన్ల తీవ్ర శ్రమ, 10 సెకన్ల విరామం, అలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం బాగా పెరిగిందని 1996లో ఆయన బృందం ప్రచురించింది. అయితే ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు శారీరక విద్య చదువుతున్న యువకులు. రోజుకు తొమ్మిది గంటలు స్క్రీన్ ముందు కూర్చుని, లైట్ రైల్లో కూర్చునే ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని సినిమా చూసే నలభై అయిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రాసిన మందుచీటీ కాదది. పద్ధతి మంచిదే, మోతాదు మాత్రం మనిషిని బట్టి మారాలి.

మన ఒంటి లెక్క వేరు

మోతాదు విషయంలో మనవాళ్లు మరింత జాగ్రత్తగా ఎందుకుండాలి? 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ పరిశోధన దీనికి జవాబు చెప్పింది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాల వారికి దాదాపు 59. అంటే మనకు ఆరేళ్లు ముందుగా వస్తోంది. పిల్లలు హైస్కూల్లో, ఇంటి అప్పు సగంలో ఉన్న వయసది. సాయానికి అత్తమ్మలు, బాబాయిలు పక్క వీధిలో లేని ఊళ్లో ఉన్నామన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మధుమేహం సంగతీ అంతే. ఆస్ట్రేలియాలో వాడే ‘ఆస్‌డ్రిస్క్’ అనే ప్రశ్నావళిలో పుట్టుకతో భారత ఉపఖండం వారికి అదనపు మార్కులు పడతాయి. నడుము కొలత దగ్గర కూడా మనకు గీత కిందికే గీశారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ముప్పు లెక్కలోకి వస్తుంది. చూడ్డానికి సన్నగా ఉండి కాస్త బొజ్జ మాత్రమే ఉన్నవారు ‘నాకేం, నేను లావు కాదుగా’ అనుకోవడం మన ఇళ్లలో మామూలే. తూకం మిషను చెప్పనిది టేపు చెబుతుంది.

ఇక్కడే వ్యాయామం విలువ కనిపిస్తుంది. మన శరీరంలో గ్లూకోజ్‌ను పెద్దమొత్తంలో దాచుకునేవి కండరాలు. కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోగలదు. అందుకే నడక ఒక్కటే కాకుండా బరువులెత్తే వ్యాయామం కూడా మనకు కావాలి. పెద్దలు వారానికి రెండున్నర నుంచి అయిదు గంటలు మామూలు శ్రమ గానీ, అందులో సగం సేపు తీవ్ర శ్రమ గానీ చేయాలనీ, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం రెండు రోజులుండాలనీ ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికి రెండు మూడు గ్రూప్ క్లాసులు ఈ లెక్కను చాలావరకు పూర్తిచేస్తాయి.

107కీ 2.4కీ మధ్య

మరి వ్యాయామం చేస్తూ కుప్పకూలిన వారి మాటేమిటి? ఈ ప్రశ్నను దాటేయకూడదు. 1993లో అమెరికా పరిశోధకులు గుండెపోటు వచ్చిన 1228 మందిని పలకరించి, దానికి ముందు గంటలో ఏం చేశారో అడిగారు. వారానికి ఒక్కసారైనా గట్టిగా శ్రమ చేయని వారిలో, హఠాత్తుగా తీవ్ర శ్రమ చేసిన తర్వాత గంటలో గుండెపోటు ముప్పు మామూలు వేళతో పోలిస్తే 107 రెట్లు పెరిగింది. వారానికి అయిదుసార్లు, అంతకన్నా ఎక్కువ చేసేవారిలో అది 2.4 రెట్లు మాత్రమే.

107 అన్న అంకె చూసి బెదిరిపోనక్కర్లేదు. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం అసలే చాలా చిన్నది. చిన్నదాన్ని ఎన్ని రెట్లు చేసినా పెద్దగా అవదు. కానీ ఆ రెండు అంకెల మధ్య దూరం గమనించండి. శ్రమ ఒకటే, గుండె ఒకటే. మధ్యలో ఉన్నది అలవాటు. ఆ దూరాన్ని నెమ్మదిగా నడిచి దాటాలి. దూకి దాటాలనుకుంటేనే చిక్కు. ఏళ్ల తరబడి వ్యాయామం మానేసి, పిల్లల స్కూలు స్పోర్ట్స్ డే నాడు నాన్నల పరుగుపందెంలో ప్రాణం పెట్టి పరిగెత్తడం క్లాసు కన్నా ఎక్కువ ప్రమాదం.

మొదటి ఆరు వారాలు

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి మొదటి ఆరు వారాలు. చేరేముందు నేను జీపీ దగ్గర బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించుకున్నాను. నాన్నగారి గుండె జబ్బు చరిత్ర కూడా చెప్పాను. 45 దాటినవారి కోసం ఇక్కడ మెడికేర్ కింద హార్ట్ హెల్త్ చెక్ 2019లో మొదలైంది. మనవాళ్లలో చాలామంది దాన్ని వాడుకున్నట్టు కనిపించదు. షుగర్ ఉన్నవారు, చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చినవారు ఇంట్లో ఉన్నవారు 45 దాకా ఆగకుండా ముందే డాక్టరును అడగాలి.

మంచి కేంద్రం మొదటిరోజే మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంది. దేశమంతటా వాడే ‘అడల్ట్ ప్రీ ఎక్సర్‌సైజ్ స్క్రీనింగ్’ పత్రం ఒకటుంది. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, ఉబ్బసం, షుగర్, వాడుతున్న మందులు అన్నీ అందులో వస్తాయి. ‘కాదు, కాదు, కాదు’ అని గబగబా టిక్ పెట్టే పత్రం కాదది. అసలు ఏ ప్రశ్నా అడగకుండా డబ్బు కట్టించుకునే చోటు కనిపిస్తే ఇంకో చోటు వెతుక్కోవడం మంచిది.

మొదటి ఆరు వారాలు నేను వారానికి రెండు రోజులే వెళ్లాను. బరువులు సగం, గెంతే చోట గెంతకుండా అడుగు వేయడం. ఆయుర్వేదంలో అర్ధశక్తి వ్యాయామం అన్న మాట ఉంది. ఉన్న శక్తిలో సగం దాకానే శ్రమించాలని. కొత్తవారికి అంతకన్నా మంచి కొలత లేదు. గట్టిగా చేసేటప్పుడు పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం సహజం. విరామంలో కూడా మాట రాకపోతే మాత్రం మోతాదు మించినట్టే. మేం సర్వర్ల మీద లోడు పెంచేటప్పుడు కొంచెం కొంచెంగా పెంచి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి చూస్తాం. ఒంటికీ ఆ మర్యాద ఇవ్వాలి కదా.

కొన్ని చోట్ల అందరి గుండె వేగమూ టీవీ తెర మీద అంకెలుగా కనబడుతుంది. ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగిన తరం మనది, పక్కవాడి అంకె చూస్తే మనసు ఆగదు. పాతికేళ్ల కుర్రాడితో పోటీపడి మూడోవారానికి నడుము పట్టేసి మానేసిన మనవాళ్లను ఇద్దరు ముగ్గురిని చూశాను. అలవాటు లేని కండరాలను ఒక్కసారిగా చితక్కొడితే ‘రాబ్డో’ అనే స్థితి వస్తుంది. కండరాలు చిట్లి, మూత్రం కోలా రంగులోకి మారుతుంది, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అలా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో తెల్లవారుజాము క్లాసుకు వెళ్లేముందు డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

ఇంట్లో ఆడవారి మాట

మన ఇళ్లలో ఆరు గంటల క్లాసుకు వెళ్లేది ఎక్కువగా మగవారే. ఆ వేళ లంచ్ బాక్సులు ఎవరు కడుతున్నారు? అడగాల్సిన ప్రశ్నే. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లులకు తర్వాత మధుమేహం ముప్పు ఎక్కువ. రుతుక్రమం ఆగాక ఎముకలు పలచబడతాయి. బరువులెత్తే వ్యాయామం వారికి మనకన్నా ఎక్కువ అవసరం. ‘బరువులు ఆడపిల్లలకెందుకు’ అనే పెద్దలకు ఒక్క పేరు చాలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, ఈ దేశపు గడ్డ మీదే, శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే. మా ఇంట్లో రోజులు పంచుకున్నాం. సోమ, బుధ, శనివారాలు నావి. మంగళ, గురు, ఆదివారాలు ఆవిడవి. ఎవరి క్లాసు లేని రోజు వారిది వంటగది.

గుంపులో ఉన్న మేలు

జూలైలో కాన్‌బెర్రా తెల్లవారుజాము సున్నా కిందికి దిగుతుంది. కారు అద్దం మీద మంచు గీకి బయల్దేరాలంటే మనసు మొరాయిస్తుంది. ఆ రోజుల్లో నన్ను తీసుకెళ్లింది సంకల్పబలం కాదు, పక్కన నిలబడేవారు. ఒక రిటైర్డ్ టీచర్, ఒక నర్సు, ఒక ట్రక్ డ్రైవర్. రెండు రోజులు కనబడకపోతే ‘ఏమయ్యావ్?’ అంటారు. ఆఫీసు, గుడి, తెలుగు సంఘం దాటి ఈ ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలిచే చోటు ఒకటి దొరికింది. మన ఊళ్లలో తాలింఖానాలు చేసిన పనీ ఇదే. కోడి రామమూర్తి పేరు చెప్పుకునే జాతికి కలిసి కసరత్తు చేయడం కొత్తేమీ కాదు.

వారానికి యాభై, అరవై డాలర్లు అందరికీ కుదరకపోవచ్చు. ఒప్పందం చదవకుండా ఏడాదికి సంతకం పెట్టొద్దు, ట్రయల్ వారం చూసుకోండి. డబ్బు లేకుండానే గుంపు దొరికే చోట్లున్నాయి. శనివారం ఉదయం ఎనిమిదింటికి గంగాలిన్ పార్క్‌రన్‌లో అయిదు కిలోమీటర్లు పరిగెత్తొచ్చు, నడవొచ్చు. రుసుము లేదు. పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు.

ఇంకో మాట. 45 నిమిషాల క్లాసు మిగతా ఇరవై మూడు గంటల లెక్కను కొట్టేయదు. ‘ఉదయం చెమట పట్టింది కదా’ అని రాత్రి రెండో ప్లేటు బిర్యానీ పెట్టుకుంటే నడుము కొలత అక్కడే ఉంటుంది.

సంఘాలు పూనుకుంటే

తెలుగు సంఘాలకు ఒక విన్నపం. ఉగాదికి, సంక్రాంతికి వందలమంది ఒక హాల్లో చేరతాం. ఒక ప్రసంగం తగ్గించి ఆ అరగంట సీపీఆర్ నేర్పించండి. మూలన ఒక బల్ల వేసి, మన డాక్టర్లతో బీపీ, నడుము కొలత చూపించండి. హాల్లో డీఫిబ్రిలేటర్ ఎక్కడుందో మైకులో చెప్పండి. గుండె ఆగినప్పుడు షాక్ అందడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు పది శాతం తగ్గుతుంది. అంబులెన్స్ కోసం 000కి ఫోన్ చేయడం పదేళ్ల పిల్లలకు కూడా తెలిసుండాలి. ఛాతీ నొప్పే కాదు, దవడ, వీపు నొప్పి, కారణం లేని చెమట, వికారం కూడా గుండె చెప్పే మాటలే. ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని సోడా తాగి పడుకునే అలవాటు మనల్ని చాలా ఇళ్లలో ఏడిపించింది.

పునీత్, గౌతంరెడ్డి లాంటి వారిని తలుచుకున్నప్పుడు జిమ్ మానేయడం మనం నేర్చుకోవాల్సిన పాఠం కాదు. మన అంకెలు తెలుసుకోవాలి, సగం శక్తితో మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక మానకూడదు. ఈ వారం జీపీ అపాయింట్‌మెంట్ ఒకటి తీసుకోండి, ఇద్దరికీ కలిపి. క్లాసు సంగతి ఆ తర్వాత చూద్దాం.